అద్దెకున్నాయనకే ఇల్లు అమ్మితే

ఇక్కడ ఇల్లు కొని అద్దెకిచ్చిన మనవాళ్లు మమ్మల్ని తరచూ అడిగేది ఒకటే: అద్దెకున్నాయనే కొంటానంటే ఏజెంటుకి ఎందుకివ్వాలి? 4,00,000 డాలర్ల ఇంటికి 6 శాతమంటే 24,000. ఎండలో కాంక్రీటు పోసి కూడబెట్టిన డబ్బు! ఆ రేటు చట్టం పెట్టింది కాదు, బేరమాడొచ్చు. ముందు మాత్రం, అద్దెకి కుదిర్చినప్పుడు ఏజెంటుతో రాసుకున్న కాగితం తీసి చదవండి. అద్దెదారు కొన్నా కమీషన్ ఇవ్వాలని కొన్నిట్లో రాసుంటుంది. బయానా చేతికి తీసుకోకండి, టైటిల్ కంపెనీ ఎస్క్రోలో వేయించండి.

ఇండియాకి వెళ్లిపోయి అక్కణ్ణుంచి అమ్మేవాళ్ల సంగతి వేరు. ఫిర్ప్టా చట్టం కింద కొనేవాళ్లు ధరలోంచి మామూలుగా 15 శాతం పట్టి ఐఆర్ఎస్‌కి కట్టాలి. తాము ఉండటానికే కొంటే ఈ ధరకి 10 శాతం, అంటే 40,000. పన్ను పోను మిగిలింది మామూలుగా రిటర్ను వేశాకే వెనక్కొస్తుంది. అందుకే పన్ను లెక్కలో రెసిడెంటుగా ఉన్నప్పుడే అమ్మేయమని మేం చెబుతున్నాం.