సూది మందు చేతిసంచిలోనే
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

మేము ఉర్దూ మీడియం పంతుళ్లమే గాని డాక్టర్లము కాము. అయినా షుగర్ బీమారీ ఉన్నవారి విమాన ప్రయాణం గురించి మాట్లాడడానికి మాకొక కారణమున్నది.

మా ఖాలా ఉమ్రాకు బయలుదేరినప్పుడు ఇన్సులిన్ సీసాలు, సిరంజీలు అన్నీ పెద్ద పెట్టెలో బట్టల నడుమ దాచినది. "సూదులు చూస్తే విమానం ఎక్కనివ్వరేమో బేటా" అని ఆమె భయం. జిద్దాలో ఖాలా దిగినది, పెట్టె దిగలేదు. రెండు రోజులు! అక్కడ దుకాణంలో ఇన్సులిన్ కొని, మన వైపు నుంచే వచ్చిన ఒకామె ఇచ్చిన సిరంజితో అలవాటైన గీత దాకా లాగి వేసుకున్నది. కొంతసేపటికి చెమటలు, వణుకు, మాట తడబాటు. పక్కవారు చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి చేర్చారు గనుక బతికినది.

తప్పెక్కడ? మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దాని సిరంజికి ఎర్ర మూత ఉంటుంది. బయట చాలా దేశాల్లో దొరికేది 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు! ఏడో తరగతి పిల్లలు చేసే లెక్క ఇది. కాని ఆనాడు మాకే తెలియదు. ఖాలా పెట్టె సర్దినది కూడా మేమే.

అందుకే చెబుతున్నాము, మందు చేతిసంచిలోనే ఉండాలి. పెట్టె తప్పిపోవడం ఒక్కటే కాదు, విమానం కింది అరలో చలికి మందు గడ్డకట్టవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఎండాకాలం షంషాబాద్ దాకా కారు డిక్కీలో పెట్టినా చెడుతుంది. మూత తీయని సీసాకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఐస్ పెడితే గుడ్డ చుట్టి పెట్టండి, సీసాకు తగలనివ్వకండి. కావలసినదానికి రెట్టింపు తీసుకొని, సగం తోడు వచ్చేవారి చేతిసంచిలో ఉంచండి. సిరంజీలు కూడా ఇక్కడివే సరిపోను పెట్టుకోండి.

సూదులకు భయపడవద్దు. డాక్టరు చేత ఇంగ్లీషులో ఉత్తరం రాయించుకోండి. అందులో పాస్‌పోర్టులో ఉన్నట్లే పేరు, జబ్బు, మందు, మోతాదు, సిరంజీల సంగతి ఉండాలి. మందును దాని అట్టపెట్టెలోనే ఉంచి, తనిఖీ జవాను అడగకముందే చూపండి. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల పిల్లవానికి మొదటిసారి ఎక్కించిన మందు ఇది. అంతకుముందు అటువంటి పిల్లలు బతికేవారే కాదు. ఇంతటి మందును దొంగసొమ్ములా దాచడమెందుకు?

విమానంలో భోజనం పళ్లెం ముందుకు వచ్చాకనే సూది వేసుకోండి. వస్తున్నదని చెప్పి గంట ఆలస్యం చేస్తారు. జేబులో చక్కెర, ఖర్జూరాలు ఉండాలి. జిద్దా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది, కాబట్టి ఏ వేళకు ఎంత వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి. అక్కడ నడక ఎక్కువ, షుగర్ దిగిపోతుంది.

ఖాలా పోయిన సంవత్సరం మళ్లీ వెళ్లి వచ్చినది. ఆమె డాక్టరు ఉత్తరం నకళ్లు కొన్ని తెచ్చాము. మీ డాక్టరుకు నమూనాగా చూపించదలచినవారు సభ ముగిశాక మా దగ్గర తీసుకోవచ్చు.