గంటకు 498 రూపాయలు

(సిబ్బంది కుటుంబాల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఏటా ఎవరో ఒకరు తమ ఎల్‌ఎఫ్‌సి ప్రయాణం గురించి మాట్లాడటం మన ఆనవాయితీ. కొండలు, గుళ్ళు, జలపాతాలు అన్నీ అయిపోయాయి. ఈసారి నన్ను ఒక హోటల్ గురించి చెప్పమన్నారు. మొన్న జనవరిలో మేమిద్దరం పుదుచ్చేరిలో ఒక బొటిక్ హోటల్లో రెండు రాత్రులు ఉన్నామన్న సంగతి బ్రాంచిలో పొక్కింది. అప్పట్నుంచి "అంత డబ్బు పెట్టారట కదా, గిట్టుబాటయిందా?" అని అడగనివాళ్ళు లేరు. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పే జవాబు కాదు కనుక ఇక్కడ చెబుతున్నాను. మా ఆవిడ మూడో వరుసలో కూర్చుని ఉంది. లెక్క తప్పితే ఆవిడే సరిదిద్దుతుంది.

బొటిక్ అంటే మా ఇంట్లో తెలిసిన అర్థం జాకెట్ల మీద మగ్గం వర్కు చేసే చోటు అని. హోటల్‌కి ఆ పేరేమిటి? 1984లో న్యూయార్క్‌లో మోర్గన్స్ అనే చిన్న హోటల్ తెరిచినప్పుడు, దాన్ని పెట్టినవారిలో ఒకరైన స్టీవ్ రూబెల్ ఈ పోలిక వాడాడని చెబుతారు. పెద్ద హోటళ్ళు అన్నీ దొరికే పెద్ద బజారు లాంటివి, మాది ఏరి కూర్చిన చిన్న కొట్టు అని. మన దేశంలో ప్రభుత్వం ఇచ్చే స్టార్ గుర్తింపుల్లో బొటిక్ అనే తరగతి లేదు. 1950కి ముందు కట్టిన భవనాలకు హెరిటేజ్ అనే తరగతి ఉంది. కాబట్టి బోర్డు మీద బొటిక్ అని ఎవరైనా రాసుకోవచ్చు. ఆ మాటకు డబ్బు కట్టకండి, భవనానికి కట్టండి.

మేమెందుకు కట్టామంటారా? మేం కట్టలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి, వాళ్ళమ్మ యాభై అయిదో పుట్టినరోజుకు బుక్ చేసింది. మా ఆవిడది యానాం. ఊరు మన కాకినాడ పక్కన, గోదావరి ఒడ్డున. పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఉన్న పుదుచ్చేరి నుంచి. మా మామగారు ఆఫీసు పనుల మీద అక్కడికి వెళ్ళొచ్చేవారు. ఇంట్లో ఆడవాళ్ళకు ఆ ఊరు కాగితాల మీద స్టాంపుగానే తెలుసు. "నాన్నా, అమ్మ ఒక్కసారైనా చూడాలి" అంది అమ్మాయి.

బిల్లు చూశాను. రాత్రికి 9,500. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,710. రెండు రాత్రులకు 22,420 రూపాయలు. ఎల్‌ఎఫ్‌సి రైలు ఖర్చు ఇస్తుంది గాని మంచం ఖర్చు ఇవ్వదని మీకూ తెలుసు. మన హాలిడే హోముల్లో ఆ డబ్బుతో ఎన్నాళ్ళు ఉండొచ్చో లెక్క వేసుకుని, ఇంట్లో చెప్పకుండా హోటల్‌కి ఫోన్ చేసి రద్దు చేయమన్నాను. "సార్, ఇది వాపసు లేని రేటు. రద్దు చేస్తే ఒక్క రూపాయి కూడా రాదు" అన్నారు. అమ్మాయి కొంచెం తక్కువకు వస్తుందని ఆ రేటు తీసుకుంది. సరే, వెళ్ళక తప్పలేదు. మీలో ఎవరైనా బుక్ చేసేటప్పుడు ఆ ఒక్క లైను చదవండి.

చెన్నై దాకా రైల్లో వెళ్ళి, అక్కడ్నుంచి బస్సెక్కాం. మధ్యాహ్నం రెండింటికి గది ఇచ్చారు. ఊరి నడిబొడ్డున, ఫ్రెంచివాళ్ళ కాలపు వీధుల్లో పాత ఇల్లు అది. ఎత్తైన గోడలు, లోపల ముంగిలి, దాని చుట్టూ గదులు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన పైకప్పు. మద్రాస్ టెర్రస్ అంటారు దాన్ని. బాగుంది. కానీ మాకిచ్చిన గది కింద, మూల. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ.

ఇక్కడే నేను నేర్చుకున్న పాఠం ఒకటుంది. పెద్ద హోటళ్ళలో 305 గదైనా 405 గదైనా ఒకటే. పాత ఇళ్ళను హోటల్ చేసినచోట ఏ రెండు గదులూ ఒకలా ఉండవు, రేటు మాత్రం ఒకటే ఉండవచ్చు. మర్యాదగా అడిగితే పైన ముంగిలి వైపు గది ఖాళీగా ఉందని మార్చారు. అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. అడక్కపోతే ఆ గోడ చూసుకుంటూ రెండు రోజులు ఉండేవాళ్ళం. లిఫ్టు లేదు, చెక్కమెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు కింద గదే అడగాలి, ముందే అడగాలి.

ఆ సాయంత్రం నేను హోటల్ వాళ్ళ నోట్‌ప్యాడ్ మీద లెక్క వేశాను. గురువారం రెండు నుంచి శనివారం పదకొండు దాకా నలభై అయిదు గంటలు. గంటకు 498 రూపాయలు. నిద్రపోతే ఎంత, బయట తిరిగితే ఎంత అని విడదీస్తున్నాను. మా ఆవిడ చూసి, "ఏమండీ, నాతో వచ్చారా, ఆడిట్‌కి వచ్చారా?" అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మానలేదు, పెట్టుకున్నాను అంతే.

లెక్కల్లో పనికొచ్చే ముక్క ఒకటి చెప్పి ఆ సంగతి వదిలేస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, ఆపైన 18. గది 7,400 అయితే పన్నుతో 7,770. గది 7,600 అయితే 8,968. గది రేటులో తేడా రెండు వందలు, చేతి నుంచి పోయేది 1,198. అలాంటి ఖరీదైన హోటళ్ళ రెస్టారెంట్లలో భోజనం మీద కూడా 18 శాతం పడుతుంది, వీధి చివర హోటల్లో అయితే 5. అందుకని మేం టిఫిను లోపల, భోజనం బయట చేశాం. టిఫిను గది రేటులోనే ఉంది. సాయంత్రం తాగిన కాఫీల బిల్లులో సర్వీస్ చార్జి అని ఒక లైను ఉంది. దాన్ని వాళ్ళంతట వాళ్ళు వేయకూడదని వినియోగదారుల ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. ఆ మాట అంటే నవ్వుతూ తీసేశారు.

ఇక శుక్రవారం. తెల్లవారుజామున అయిదున్నరకు మా ఆవిడ నన్ను లేపింది. గుమ్మం దిగి నాలుగు నిమిషాలు నడిస్తే సముద్రం. సాయంత్రం నుంచి పొద్దున దాకా ఆ బీచ్ రోడ్డు మీదకు వాహనాలను రానివ్వరు. రోడ్డంతా నడిచేవాళ్ళే. గాంధీ విగ్రహం దగ్గర కూర్చుని సూర్యోదయం చూశాం. ఊరి బయట చవక గదిలో ఉంటే ఆ వేళకు ఆటో వెతుక్కోవాలి, వెతుక్కోం, పడుకుంటాం. నడిబొడ్డున ఉండటానికి కట్టిన డబ్బు అక్కడ వసూలైంది.

టిఫిను తిని వచ్చాక ఆవిడ అలవాటు కొద్దీ పక్క దులిపి, దుప్పట్లు మడిచింది. గది సర్దడానికొచ్చిన అమ్మాయి "మా పని మీరెందుకు చేశారమ్మా" అని తమిళంలో అన్నట్టుంది. ఆ తర్వాత ఆవిడ ముంగిట్లో కుర్చీ వేసుకుని, పుస్తకం పట్టుకుని మూడు గంటలు కూర్చుంది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆవిడ అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను చూడలేదు, మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వరండాలో తప్ప.

పక్కన నేనూ కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. "మీరు రద్దు చేయమని ఫోన్ చేయడం విన్నాను. డబ్బు మిగలాలనుకున్నారు, తప్పు లేదు. నన్నొక మాట అడగాల్సింది. ఊటీ, పూరీ, కన్యాకుమారి, ఎక్కడికి వెళ్ళినా కుక్కరు, పోపుల డబ్బా, ఆవకాయ సీసా మోసుకెళ్ళాను. మీకు అది సెలవు. నాకు వంటిల్లు ట్రాన్స్‌ఫర్ అయింది, అంతే."

ఆ హాలిడే హోముల్లో ఆవిడ చేసిన పులిహోర గురించి నేను ఇదే వేదిక మీద ఒకసారి గొప్పగా చెప్పాను. ఆ రోజూ ఆవిడ మూడో వరుసలోనే ఉంది. ఏం జవాబు చెప్పాలో తోచలేదు. "క్షమించు" అన్నాను. ఆవిడ పేజీ తిప్పింది.

గిట్టుబాటయిందా అంటే, మాకు అయింది. అందరికీ అవుతుందని చెప్పను. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి వచ్చి పడుకునేవాళ్ళకు దండగ. పిల్లలతో నలుగురు వెళితే రెండు గదులు కావాలి, ఆ డబ్బుకు ఒక సెమిస్టరు పుస్తకాలు వస్తాయి. హాలిడే హోమే మేలు. ఇద్దరే వెళ్ళి, ఆ ఇంట్లోనే సగం రోజు గడిపేటట్టయితే ఒక రాత్రి ఉండి చూడండి. రెండో రాత్రి మీ ఓపిక. నాకైతే ఆ మాట విన్నది రెండో రోజే.

మళ్ళీ వెళతారా అని మా అసిస్టెంట్ మేనేజర్ గారు ఇందాక అడిగారు. ఈ డిసెంబరుకు పూరీ హాలిడే హోమ్‌లో మూడు రోజులకు గది దొరికింది. కుక్కరు సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు.