మైలురాయి, పని

కృష్ణా డెల్టాలో వేసవి కాలమున కాలువలకు నీరు కట్టివేయుదురు. ఆ కొలది వారములలోనే పూడిక తీయవలెను, గుర్రపుడెక్క లాగవలెను, లాకుల తలుపులు బాగుచేయవలెను, గట్లు గట్టిపరుపవలెను. ఇవన్నియు పనులు. నీరు వదలు నాటికి కాలువ సిద్ధముగా నుండుట మాత్రము పని కాదు, మైలురాయి. పనికి కాలము పట్టును, మనుష్యులు కావలెను, ధనము కావలెను. మైలురాయికి ఇవేవియు అక్కరలేదు. దానిని చేరితిమా, లేదా? అంతియే ప్రశ్న. సగము చేరితి మనుటకు అచట వీలులేదు.

1952లో పాత ఆనకట్టకు గండి పడిన పిదప, 1954లో ఆరంభమై 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి మన వన్ టౌను ప్రక్కనే యున్నది. నదిలో కట్టుబడి జరుగుచున్నప్పుడు స్తంభము ఎంత లేచినదో గట్టుమీద నిలిచిన బాలునికైన కనబడును. కంప్యూటరునకు వ్రాయు సాఫ్ట్‌వేరు అట్లు కాదు. ఎంత పూర్తియైనదో యజమానికి కనబడదు. ఒక్కొక్కప్పుడు వ్రాయుచున్న వానికే తెలియదు. కనుకనే అచట మైలురాళ్లు మరింత స్పష్టముగా నుండవలెను.

ఒక ఉదాహరణము చూతము. 2017 జూలై 1వ తేదీన దేశములో వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. రాష్ట్రములోని అమ్మకమునకు కేంద్రపు పన్ను, రాష్ట్రపు పన్ను బిల్లులో వేరువేరుగా చూపవలసి వచ్చినది. పొరుగు రాష్ట్రమునకు పోవు సరుకునకు మరియొక పన్ను. వన్ టౌనులోని ఒక టోకు వస్త్రవర్తకుడు ఆ నాటికి తన లెక్కల సాఫ్ట్‌వేరు మార్పింపదలచె ననుకొందము. జూలై 1 కదలదు. అందుచే ఆ దినమునుండి వెనుకకు లెక్కించుచు రావలెను.

వర్తకుని అవసరములు వినుట, నమూనా గీయుట, వ్రాయుట, పరీక్షించుట, పాత ఖాతాల నిలువలు ఎక్కించుట, గుమాస్తాకు నేర్పుట: ఇవి పనులు. నమూనా బిల్లును వర్తకుడు చూచి సమ్మతించుట మొదటి మైలురాయి. నూరు పాత అమ్మకములకు చేతితో కట్టిన పన్నును కంప్యూటరు కట్టిన పన్నును పైసతో సహా సరిపోవుట రెండవది. ఎవరి సాయము లేకుండ గుమాస్తా ఒక దినపు బిల్లులన్నియు తానే వ్రాయుట మూడవది. వీనిని ఎవరైనను పరీక్షింపవచ్చును. “నూటికి తొంబది వంతులు అయినది” అను మాటను ఎవరు పరీక్షింపగలరు? మిగిలిన పది వంతులే తక్కిన కాలమునంతయు మ్రింగివేయుట అరుదు కాదు.

మరియొక సంగతి. అన్ని పనులును ఒక వరుసలోనే నడువ నక్కరలేదు. ఒకరు వ్రాయుచుండగా వేరొకరు నిలువలు ఎక్కింపవచ్చును. కాని వ్రాయకమునుపు పరీక్షింపలేము. నమూనా కుదరకమునుపు గుమాస్తాకు నేర్పలేము. ఏ పని దేనికొరకు ఆగవలెనో ముందుగా గుర్తించి, ఒకదానివెంట నొకటి తప్పక జరుగవలసిన వరుసను కనిపెట్టినచో, ఏ ఆలస్యము ప్రమాదకరమో, ఏది సహింపదగినదో తెలియును.

ఆలస్యమైనచో మరి నలుగురిని చేర్చుద మని తోచుట సహజము. పూడిక తీయుటకు అది చెల్లును. ఐ.బి.యం. సంస్థలో గొప్ప సాఫ్ట్‌వేరు నిర్మాణమును నడపిన ఫ్రెడరిక్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేరు పనికి క్రొత్తవారిని చేర్చిన అది మరింత ఆలస్యమగునని 1975లో ప్రకటించిన గ్రంథమున చెప్పెను. క్రొత్తవారికి నేర్పవలసినది పాతవారే గదా!

మన డెల్టా కుటుంబములనుండి ఎందరో యువతీయువకులు నేడు ఈ వృత్తిలో నున్నారు. గడువు సమీపించినప్పుడు వారు రాత్రులు నిద్ర మానుట తలిదండ్రు లెరుగుదురు. ఆ జాగరణ అన్నివేళల సోమరితనపు ఫలము కాదు. మొదటి మైలురాయి తప్పిన నాడు నిజము చెప్పక, “అగుచున్నది” అని సరిపెట్టిన మాటకు పిమ్మట కట్టు వడ్డీ అది. తప్పిన నాడే చెప్పినచో పనిని తగ్గించుకొనవచ్చును, గడువును గూర్చి మాటలాడవచ్చును. చివరి వారమున చెప్పినచో మిగులునది రాత్రి యొక్కటే. కావున పని చేయించువారు “ఎంత అయినది?” అని గాక, “ఏది అయినది?” అని అడుగుట మేలు.