మాట్లాడే తెలుగు, రాసే తెలుగు

కాలేజీలో తెలుగు రాయడం ఎలా నేర్పాలి? ఈ ప్రశ్నకు నూరేళ్లు దాటాయి. మొదట గట్టిగా అడిగింది తెలుగువాడు కాదు. బడుల తనిఖీకి వచ్చిన ఆంగ్లేయ అధికారి జె.ఎ. యేట్స్. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల తెలుగు ఇంకొకటి. ఎందుకిలా అన్నది ఆయన సందేహం. విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, దీనికి జవాబు చెప్పగలవారని ఇద్దరి పేర్లు చెప్పారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు. ఇద్దరూ పాఠాలు చెప్పినవారే. వాడుక భాషలోనే రాయించాలన్నది వారి వాదం. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రమే రాసిచ్చారు.

ఇప్పుడు పాఠ్యపుస్తకాలు వాడుక భాషలోనే ఉన్నాయి. అయినా చిక్కు పూర్తిగా తీరలేదు. ఆ వాడుక ఎవరి వాడుక? రాయలసీమలోని డోన్ పిల్లవాడు ఇంట్లో 'యాడికి పోతాండావు' అంటాడు. పరీక్షలో 'ఎక్కడికి వెళ్తున్నావు' అని రాయాలి. పక్కనున్న బేతంచెర్లలో బండలు కోసే పని గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. కాగితం ఇస్తే మాత్రం కలం కదలదు. అది తెలివి తక్కువై కాదు, తన మాట తప్పేమోనన్న భయం.

దీనికి ఒక దారి ఉంది. ముందు చెప్పించడం. చెప్పింది చెప్పినట్టే రాయించడం. దిద్దడం ఆ తర్వాతే. మొదటి రోజే ఎర్ర సిరా పడితే రెండో పేజీ రాదు. కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఈ వారం ఒక్క పేజీ ఇలా రాయించి, పైకి చదివించుకుని వినండి.