పొయ్యిలు లెక్కపెట్టని మాస్టర్ ప్లాన్లు
(అధ్యక్షోపన్యాసం)



నలభై ఏళ్లుగా ఇలాంటి సదస్సుల్లో చివరి వరుస నుంచి లేచి ప్రశ్నలతో విసిగించినవాణ్ని నేను. అధ్యక్షుణ్ని చేస్తే నోరు మూసుకుంటాడని కార్యవర్గంలో ఎవరో తెలివైనవాళ్లే ఆలోచించి ఉంటారు. వారికి కృతజ్ఞతలు.

1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్య, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఆ తర్వాత హౌసింగ్ బోర్డు, 1975లో హుడా, 2008లో హెచ్‌ఎండీఏ. హైదరాబాద్ మీద వచ్చే ప్రతి థీసిస్ మొదటి అధ్యాయంలో ఈ వరుస ఉంటుంది, ఒక్కోసారి అవే అచ్చుతప్పులతో సహా. మళ్లీ అప్పజెప్పను. నా పాత గొడవ దగ్గరికే వస్తాను. అది పొయ్యిల గొడవ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను ముషీరాబాద్ వైపు ఒక బస్తీలో సర్వేకు పంపారు. చేతిలో ఇంటి పన్ను రిజిస్టరు. అందులో ఒక నంబరు, ఒక ఇల్లు, ఒక యజమాని. లోపలికి పోతే నడుమ చిన్న వాకిలి, చుట్టూ ఏడు గదులు, ప్రతి గడప పక్కన ఒక కిరోసిన్ స్టవ్వు, అందరికీ కలిపి ఒకటే నల్లా. ఇంటావిడ నన్ను పన్నులవాడనుకుని, అందరూ మా చుట్టాలే సారూ అంది. చుట్టాలైతే ఏడు స్టవ్వులెందుకమ్మా అని అడిగితే నవ్వి ఊరుకుంది. నేను ఏడు కుటుంబాలని రాశాను. ఆఫీసులో పై అధికారి ఎర్ర సిరాతో ఏడు కొట్టేసి ఒకటి వేశాడు. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

జనగణనవాళ్లు ఒకే వంట తినేవాళ్లను ఒక కుటుంబంగా రాస్తారు. మన భాషా అదే చెబుతుంది: అన్నదమ్ములు విడిపోతే వేరు కుంపటి పెట్టారంటాం. తెలియనిది మాస్టర్ ప్లాన్లకే. పటం మీద నివాస ప్రాంతమని పసుపు రంగు పూస్తాం, హెక్టార్లు కూడుతాం. ఆ పసుపు కింద ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో, వాటిలో కిరాయిదార్లవి ఎన్నో అడగం.

2012లో అమితాబ్ కుండూ అధ్యక్షతన పనిచేసిన బృందం పట్టణ భారతంలో ఇళ్ల కొరత దాదాపు కోటీ 88 లక్షలని తేల్చింది. అందులో ఇల్లే లేనివాళ్లు ఐదు లక్షల పైచిలుకు. సుమారు కోటిన్నర కుటుంబాలు ఇరుకులో కుక్కుకున్నవి. అదే దేశంలో, 2011 జనగణన నాటికి, పట్టణాల్లో కోటీ పది లక్షల పైచిలుకు ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మన రంగంలో ఎందరు?

2006లో 86వ జీవో ఎఫ్‌ఎస్‌ఐ, అంటే జాగా మీద ఎంత కట్టొచ్చనే లెక్క, దాని పరిమితి ఎత్తేసినప్పుడు, ఎత్తు పెరిగితే ధర దిగుతుందని వాదించిన మిత్రులొకరు ఈ వేదిక మీదే ఉన్నారు. వారే నవ్వుతున్నారు కాబట్టి పేరు చెప్పనక్కర్లేదు. ఎత్తు పెరిగింది. ధర సంగతి ఆ ఎత్తైన టవర్లు లేచిన కోకాపేట వెళ్లి వారే కనుక్కురావాలి. వారి వాదన పూర్తిగా తప్పనను, ఎఫ్‌ఎస్‌ఐ బిగించిన ముంబై తిప్పలు చూశాం. కానీ ఎంతైనా కట్టుకోమన్నవాళ్లు చిన్న గదులు కూడా కట్టమని ఎవరినీ అడగలేదు.

బన్సీలాల్‌పేట ఐడీహెచ్ కాలనీలో 2015లో 396 ఇళ్లు, ఉన్నచోటే కట్టిచ్చారు. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొల్లూరులో 15,660. రెండు చోట్లా డబుల్ బెడ్‌రూమే. అంకె పెద్దది కాబట్టి కొల్లూరే పోస్టర్లకెక్కింది. సికింద్రాబాద్‌లో నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి కొల్లూరులో ఇల్లిస్తే ఏమవుతుందని ఒకసారి విద్యార్థులకు పరీక్షలో ఇచ్చాను. దాదాపు అందరూ బస్సు రూట్లు గీశారు. ఇద్దరే సరిగ్గా రాశారు: ఆ ఇల్లు కిరాయికిచ్చి, ఆమె మళ్లీ బస్తీలో గది వెతుక్కుంటుందని.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వెళ్లండి. తక్కువ ఆదాయం వాళ్లకని కట్టిన ఎల్‌ఐజీ ఇల్లు ఐదంతస్తులై, దాని నెత్తిన పెంట్‌హౌస్ లేచింది. బయటి రాష్ట్రాల ప్రతినిధులకు మనవి: మా ఊళ్లో పెంట్‌హౌస్ అంటే చాలాచోట్ల పర్మిషన్ లేకుండా డాబా మీద వేసిన గదులు. లోపల గదికి నాలుగు మంచాలు, మెట్ల మీద చెప్పుల గుట్ట, గోడకు వరుసగా కరెంటు మీటర్లు. మన పత్రాల్లో దీని పేరు ఉల్లంఘన. ఊరికి కొత్తగా వచ్చిన పిల్లలకు తల దాచుకునే చోటు ఇచ్చింది మాత్రం ఈ ఉల్లంఘనే. నిప్పంటుకుంటే దిగే దారి లేదు, ఒప్పుకుంటాను. కానీ నోటీసు యజమానికి వస్తుంది, రోడ్డు మీద పడేది కిరాయిదారు సామాను.

మరి ఏం చేయమంటావంటారా? మెట్రో స్టేషన్‌కు నడిచేంత దూరంలో చిన్న గదులకు అనుమతివ్వండి, మెట్లు, గాలి, నీళ్లు, మంటలార్పే ఏర్పాటు చూసి మరీ ఇవ్వండి. ప్రభుత్వ జాగా వేలానికి పెట్టేముందు కొంత కిరాయి ఇళ్లకు ఆపండి. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు పెంచండి. ఇవి మీ పత్రాల్లోనూ ఉన్నాయి, సాగదీయను. ల్యాండ్ పూలింగ్ మీద రేపు ఒక పూట కేటాయించారు, ఆ కొట్లాట రేపు చూసుకుందాం. 2050 మాస్టర్ ప్లాను రాస్తున్నవాళ్లను నేను అడిగేది ఒక్కటే: ముందు ఒక్క వార్డులోనైనా గుమ్మం గుమ్మం తిరిగి గ్యాస్ బండలు లెక్కపెట్టండి.

చివరగా ఒక స్వార్థం. పత్తర్‌గట్టీ కమాన్లు, మొజంజాహీ మార్కెట్ చూపించి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును మెచ్చుకుంటాం. అదే బోర్డు మురికివాడలు తీయించి, తరగతుల వారీగా ఇళ్లు కట్టి కిరాయికిచ్చిన సంగతి మర్చిపోతాం. ఖైరతాబాద్‌లో సీఐబీ క్వార్టర్స్ అడ్రసు చెప్పేవాళ్లలో ఆ మూడక్షరాలేమిటో ఎందరికి తెలుసు? ఆ ఇళ్లు ఎవరికి దక్కాయి, కిరాయి కట్టలేనివాళ్లు ఎటు పోయారు? ఆ కాలపు దఫ్తరం ఉర్దూలో ఉంది. ఉర్దూ రాని మనం ఇంగ్లిషు పుస్తకాల్లోంచి ఎత్తి రాసుకుంటూ బతికేస్తున్నాం. తార్నాక ఆర్కైవ్స్‌లో కూర్చుని, తడుముకుంటూ రాసుకున్న నోట్సు నా దగ్గర మూడు ఫైళ్లుంది. నా కళ్లు ఇక సాగవు.

ఉర్దూ చదవగల విద్యార్థి ఈ హాల్లో ఒక్కరున్నా భోజనాల దగ్గర నన్ను కలవండి. ఫైళ్లు కారులో పెట్టుకునే వచ్చాను.