పెద్దపండగ వంటలో మన వంతు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వం నాకు 58వ ఏట విశ్రాంతి ఇచ్చింది. నా శ్రీమతికి వంటింట్లో ఇంకా రాలేదు. సంక్రాంతికి పిల్లలు, మనవలు వస్తే మా ఇంట పూటకు 12 విస్తళ్ళు లేస్తాయి. ఆమెకేమో మోకాళ్ళ నొప్పులు. అందుచేత రెండు వంటకాలు నేను పుచ్చుకున్నాను. మగవారు నవ్వకుండా వినాలి.

మొదటిది తీపి గుమ్మడికాయ పులుసు. తొక్క తీయకుండా పెద్ద ముక్కలు తరిగి, ములక్కాడ, చిలగడదుంప, పచ్చిమిర్చి చేర్చి, ఉప్పు, పసుపు వేసి ఉడికించాలి. ముక్క మెత్తబడ్డాకే చింతపండు రసం పోయాలి. ముందే పోస్తే పులుపు పట్టి ముక్క బిరుసెక్కుతుంది, త్వరగా ఉడకదు. నాబోటి షుగరు వారి వాటా బెల్లం వేయకముందే వేరే గిన్నెలోకి తీసేయండి. వారికి చిలగడదుంప ఒక ముక్కకు మించి వద్దు. మిగతా దాంట్లో బెల్లం, చిక్కదనానికి నీళ్ళలో కలిపిన చెంచాడు బియ్యప్పిండి వేసి, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువతో తాలింపు పెట్టాలి.

రెండోది కనుమ నాటి గారెలు. మినప్పప్పు 4 గంటలు నానితే చాలు. రుబ్బేటప్పుడు నీళ్ళు చిలకరించాలే గాని పోయరాదు. ఉప్పు ఆఖరునే కలపాలి, లేకుంటే పిండి జారిపోతుంది.

అరిసెల పెత్తనం మాత్రం శ్రీమతిదే. కుర్చీలో కూర్చుని, నీళ్ళ గిన్నెలో పాకం చుక్క ఉండ కట్టిందో లేదో చూసి చెబుతుంది. పిండి పోసి తిప్పేది మా పెద్దబ్బాయి.

అన్నట్టు, గుమ్మడి బద్ద కొనకండి. తొడిమ ఉన్న నిండు కాయ తెస్తే, కోయనంతవరకూ పండగ దాటాక కూడా నిలువ ఉంటుంది.