ప్రమాణం చేసిన పౌరుడు, పుట్టిన పేట
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పౌరశాస్త్రంలో ఒక చిన్న పాఠం ఉంది. పౌరులు రెండు విధాలు: సహజ పౌరులు, సహజీకృత పౌరులు. పుట్టుకతో పౌరసత్వం లభించినవారు మొదటి కోవకు, దరఖాస్తు చేసుకొని, ప్రమాణం చేసి పొందినవారు రెండవ కోవకు చెందుతారు. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కులు సంపాదించుకొన్న విద్యార్థులలో కొందరు ఇరవై, ముప్పై ఏళ్ళు గడిచేసరికి తామే ఆ రెండవ కోవలో చేరిపోయారు. పాఠంలో లేని ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ప్రమాణం చేసిన దేశంలోనే ఉండిపోవాలా? ప్రమాణం చేసిన మరుసటి ఏడే మరొక దేశానికి వెళ్ళి బ్రతకవచ్చునా? ఆ మరొక దేశం తాను పుట్టిన దేశమే అయితే?

ఒక ఉదాహరణ అనుకొందాం. కాటన్‌పేట సందులలో పెరిగి, తెలుగు మాధ్యమంలో చదివి, ఇంజనీరై అమెరికా చేరిన ఒకడున్నాడు. గ్రీన్ కార్డు వచ్చిన తరువాత అయిదేళ్ళు ఆగి, పరీక్ష వ్రాసి, చేయెత్తి ప్రమాణం చేశాడు. నాలుగు నెలలు తిరగకముందే అతని కంపెనీ బెంగళూరు శాఖ బాధ్యత చేపట్టమన్నది. ఇక్కడ పేటలో తల్లి ఒంటరిగా ఉన్నది. మోకాళ్ళ నొప్పులతో మేడ దిగలేని స్థితి. అతనికి ఈ పిలుపు వరంగానే తోచింది. కాని అక్కడి మిత్రులు, "ఇప్పుడే ప్రమాణం చేసి అప్పుడే వెళ్ళిపోతే ఇచ్చిన పాస్‌పోర్టు వెనక్కు తీసుకోరా?" అన్నారు. ఇక్కడి బంధువులు, "ఆ దేశంవాడివైపోతివి, ఇంకిక్కడ నీకేం పని?" అన్నారు. రెండు మాటలూ చూడబోతే ఒక్కటే. ప్రమాణం చేసినవాడు కదిలితే అతని మనసును శంకించడం లోకస్వభావం. లోకమే కాదు, చట్టాలు కూడా చాలాకాలం అలాగే శంకించాయి. ఆ చరిత్ర తెలిస్తే ఈనాటి కుమారునికి, అతని తల్లికి కొంత ధైర్యం కలుగుతుంది.

అమెరికాలో భారతీయులకు పౌరసత్వం అన్నది తెరచి, మూసి, మళ్ళీ తెరచిన తలుపు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ వ్యాజ్యంలో అక్కడి సుప్రీంకోర్టు, చట్టంలో చెప్పిన "శ్వేతజాతీయుల" కోవలోకి భారతీయులు రారని తీర్పు చెప్పింది. అంతకు ముందే పౌరసత్వం పొందినవారి పత్రాలు కూడా రద్దు చేయసాగారు. పెషావరు నుండి 1915లో భార్యాబిడ్డలతో శాన్ ఫ్రాన్సిస్కో చేరిన వైష్ణో దాస్ బగాయ్ 1921లో పౌరుడయ్యాడు; ఈ తీర్పు తరువాత ఆ పౌరసత్వం పోయింది. పౌరసత్వార్హత లేని విదేశీయుడు స్థిరాస్తి కలిగి ఉండరాదన్న కాలిఫోర్నియా చట్టం వలన దుకాణం చేజారింది. 1928లో స్వదేశంలోని బంధువులను చూచి రావాలని తలచి పాస్‌పోర్టు అడిగితే అమెరికా ఇవ్వలేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద వెళ్ళవచ్చునన్నారు. ఆ బ్రిటిష్ పాలనను ఏవగించుకొనే ఆయన దేశం విడిచాడు. ఆ పాస్‌పోర్టు పుచ్చుకోవడానికి మనసొప్పలేదు. ఆ ఏడే ఆయన ప్రాణం తీసుకొన్నాడు. ఉండటానికీ దేశం లేక, వెళ్ళి రావడానికీ దారి లేక పోయిన మనిషి ఆయన. పాస్‌పోర్టు అంటే ప్రయాణపు చీటీ మాత్రమే అనుకొనేవారు ఈ ఒక్క జీవితాన్ని తలచుకొంటే చాలు.

1946 జూలై 2న ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో భారతీయులకు మళ్ళీ పౌరసత్వార్హత కలిగింది. వలసకు ఏటా వంద మంది చొప్పున అనుమతి దొరికింది. భీమవరంలో పుట్టి, 1922లో బోస్టన్ చేరి, వైద్యలోకానికి ఎన్నో ఔషధాలు ప్రసాదించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ తరువాత రెండేళ్ళకే, 1948లో, అమెరికా పౌరుడు కాకుండానే కన్నుమూశారు.

తలుపు తెరచుకొన్నా గడప దగ్గర ఒక నిబంధన ఉండేది. 1952 నాటి చట్టం ప్రకారం సహజీకృత పౌరుడు తాను పుట్టిన దేశంలో ఎడతెగకుండా మూడేళ్ళు నివసిస్తే, లేదా ఇంకే పరదేశంలోనైనా అయిదేళ్ళు నివసిస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, పౌరసత్వం దానంతట అదే పోయేది. పుట్టుకతో పౌరుడైనవాడు ముప్పై ఏళ్ళు పారిస్‌లో ఉన్నా ఏమీ కాదు. పుట్టిన ఊరికి మూడేళ్ళు, పరాయి ఊరికి అయిదేళ్ళు! ఈ లెక్క కట్టినవారికి మనిషి మనసు ఎటు లాగుతుందో బాగానే తెలుసు. తెలిసి, ఆ లాగుడునే నేరం చేశారు.

ఈ నిబంధనను పడగొట్టినది ఒక స్త్రీ వేసిన వ్యాజ్యం. ఆంజెలికా ష్నైడర్ జర్మనీలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులతో అమెరికా వచ్చి, 1950లో తల్లి ద్వారా పౌరురాలై, అక్కడే కళాశాల చదువు ముగించింది. పై చదువుకు ఐరోపా వెళ్ళి, అక్కడ ఒక జర్మన్ దేశస్థుని వివాహమాడి, జర్మనీలో కాపురముండగా 1959లో ఆమెకు అమెరికా పాస్‌పోర్టు నిరాకరించారు. 1964 మే 18న సుప్రీంకోర్టు అయిదుగురు ముగ్గురుగా చీలి ఆమె పక్షాన తీర్పు చెప్పింది. సహజీకృత పౌరుల దేశభక్తి తక్కువ రకమని ముందే ఊహించుకోవడం తగదనీ, అధ్యక్ష పదవికి అర్హత తప్ప ఇరువురి హక్కులలో భేదం లేదనీ ఆ తీర్పు సారాంశం. మరి మూడేళ్ళకు, 1967లో, అఫ్రోయిమ్ వ్యాజ్యంలో అదే కోర్టు మరింత దూరం వెళ్ళి, పౌరుడు తానై వదులుకొంటే తప్ప పౌరసత్వాన్ని కాంగ్రెసు లాగివేయజాలదని నిర్ణయించింది.

ఇంతటితో శంక తీరిందనుకొంటే పొరపాటు. మరొక నిబంధన మిగిలి ఉండేది. ప్రమాణం చేసిన అయిదేళ్ళలోపల పరదేశంలో స్థిరనివాసం ఏర్పరచుకొంటే, అసలు దరఖాస్తు చేసిన నాడే అతనికి అమెరికాలో ఉండే ఉద్దేశం లేదని ఆ నిబంధన భావించేది. లేదు, ఉండేదని నిరూపించుకొనే భారం పౌరునిదే. 1965 నాటి వలస చట్టం తరువాత పెద్దసంఖ్యలో వెళ్ళిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు పౌరులైన నాటికి ఈ నిబంధన అమలులోనే ఉంది. "ఇంకో రెండేళ్ళు ఆగి వస్తాను" అని ఆ రోజులలో వచ్చిన ఉత్తరాలు చదివి, కొడుకు డబ్బు కోసం ఆగిపోయాడని నొచ్చుకొన్న తల్లులు ఉండే ఉంటారు. ఆ రెండేళ్ళ వెనుక ఒక్కొక్కసారి చట్టమూ ఉండవచ్చు. 1986లో ఆ అయిదేళ్ళను ఒక్క ఏడాదికి తగ్గించారు. 1994 అక్టోబరులో నిబంధననే తొలగించారు.

కనుక మన ఉదాహరణలోని కుమారుడు ప్రమాణం చేసిన నాలుగు నెలలకే కాదు, నాలుగు రోజులకే బెంగళూరు విమానం ఎక్కినా అతని పౌరసత్వానికి ఆ కారణంగా భంగం లేదు. దరఖాస్తులో అబద్ధం చెప్పి పొందిన పౌరసత్వం మాత్రం ఎప్పుడైనా రద్దు కావచ్చు. అది వేరే సంగతి. అయితే భార్య ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉంటే జాగ్రత్త అవసరం. ఆమె ఏడాది పైన దేశం వెలుపల ఉంటే పౌరసత్వం కోసం లెక్కించే నివాసకాలం తెగిపోతుంది; ఆరు నెలలు దాటినా ప్రశ్నలు వస్తాయి. ముందుగా తిరిగివచ్చే అనుమతిపత్రం తీసుకొనకపోతే కార్డుకే ముప్పు రావచ్చు. భర్త అమెరికా సంస్థ ఉద్యోగిగా విదేశానికి వెళ్తున్నప్పుడు భార్యకు త్వరగా పౌరసత్వం ఇచ్చే వెసులుబాటు కూడా ఆ చట్టంలో ఉంది. చాలామందికి తెలియనిది ఇదే. ఇక పన్ను. అమెరికా తన పౌరుడు ఎక్కడ సంపాదించినా లెక్క చెప్పమంటుంది. బెంగళూరు బ్యాంకు ఖాతాలన్నిటిలో కలిపి పదివేల డాలర్లు దాటితే ఆ వివరమూ ఏటా తెలియజేయాలి. తల్లితో ఉమ్మడిగా తెరచిన ఖాతా కూడా ఇందులోకి వస్తుంది.

అన్ని దేశాలూ ఒకే దారిన నడవలేదు. కెనడా 2014లో చట్టం మార్చి, పౌరసత్వం కోరేవారు ఇకపై కెనడాలోనే నివసించే ఉద్దేశం ఉందని తెలపాలన్నది. విమర్శలు వెల్లువెత్తగా 2017లో దానిని తీసివేసింది. బ్రిటన్‌లో అటువంటి ఉద్దేశం ఉండాలన్న నియమం చాలామంది దరఖాస్తుదారులకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మన వైపు. రాజ్యాంగం తొమ్మిదవ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదవ విభాగం కలిసి ఒక్క మాటే చెబుతాయి: స్వచ్ఛందంగా అన్యదేశ పౌరసత్వం తీసుకొన్నవారు భారత పౌరులు కారు. ఆ క్షణం నుండి పాత పాస్‌పోర్టు వాడరాదు, అప్పగించాలి. కాటన్‌పేటలో పుట్టినవానికి కాటన్‌పేట పరదేశమవుతుంది! కన్నడంలో ఈ పేటకు అరళెపేటె అని పేరు; అరళె అంటే దూది. దూది పేరు పెట్టుకొన్న ఈ పేటలో తెలుగు మాటకు కొత్తదనం లేదు. బెంగళూరులో స్థిరపడి, కన్నడంలో బేరమాడి, ఇంట తెలుగు మాటాడుకొనే తెలుగు కుటుంబాలు పండుగకు సొంత ఊరికి వెళ్ళివస్తే ఎవరి విధేయతనూ ఎవరూ ప్రశ్నించలేదు. సముద్రం దాటిన వారికి మాత్రం ప్రశ్న తప్పలేదు.

దానికి కొంత ఉపశమనంగా 2005లో చట్టాన్ని సవరించారు. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ సభలో ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి ఓసీఐ కార్డులను అందజేశారు. పేరులో పౌరసత్వం అని ఉన్నా అది పౌరసత్వం కాదు. జీవితకాలపు వీసా వంటిది. ప్రైవేటు ఉద్యోగం చేయవచ్చు, ఇల్లు కొనవచ్చు. వ్యవసాయ భూమి కొనరాదు, ప్రభుత్వోద్యోగానికి అర్హత లేదు, ఓటు లేదు. తాతల నాటి పొలం అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్నవారు ఈ కొనుగోలు నిషేధాన్ని ముందే గుర్తుంచుకోవాలి. వారసత్వంగా సంక్రమించిన భూమి సంగతి వేరు.

ఇంకొక విషయం చెప్పకపోతే న్యాయం కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1964లో తప్పన్న ఆలోచన వంటిదే మన 1955 చట్టం పదవ విభాగంలో నేటికీ ఉంది. నమోదు ద్వారానో దేశీయకరణ ద్వారానో భారత పౌరుడైన వ్యక్తి వరుసగా ఏడేళ్ళు విదేశంలో ఉంటే, విద్యార్థి గానో ప్రభుత్వ, అంతర్జాతీయ సంస్థల ఉద్యోగి గానో ఉంటే తప్ప, ఏటా మన కాన్సులేటులో తన ఉద్దేశాన్ని నమోదు చేసుకోవాలి. లేకుంటే కేంద్ర ప్రభుత్వం అతని పౌరసత్వాన్ని తొలగించవచ్చు. పుట్టుకతో పౌరులైన వారికి ఈ షరతు లేదు. మన పిల్లలకు అక్కడ సమానత్వం కోరేవారు ఇక్కడ కోరి పౌరులైన వారికీ అదే కోరాలి కదా! పౌరశాస్త్రం తరగతిలో ఈ ప్రశ్న పిల్లల ముందుంచితే పాఠపుస్తకం కన్న వారే బాగా వాదిస్తారు.

మన ఉదాహరణలోని కుమారుడు వచ్చాడనే అనుకొందాం. కార్డు తెచ్చుకొన్నాడు, తల్లికి మెట్లు ఎక్కే పని లేకుండా కింది అంతస్తు ఇల్లు చూశాడు. అమెరికా ఎన్నికలకు తాను చివర నివసించిన రాష్ట్రపు ఓటును ఇక్కడి నుండే పంపుతున్నాడు. పేటలో ఎన్నికలు వచ్చిన నాడు ఓటర్ల జాబితాలో తల్లి పేరు ఉంటుంది, అతని పేరు ఉండదు. పోలింగు కేంద్రం అనేకసార్లు పాఠశాలలోనే పెడతారు. తల్లి చేయి పట్టుకొని నడిపించుకొంటూ వచ్చి, తాను పదేళ్ళు చదివిన బడి గేటు దగ్గర, ఆమె వేలికి సిరా గుర్తుతో బయటకు వచ్చేదాకా నిలబడి ఉంటాడు.